పెద్ద నవాబు కత్తికి పెట్టిన పాలిష్

ఆయుధాల గ్యాలరీలో కీపరుగా పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే జనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆ కత్తులతో ఎంతమందిని చంపారు సార్?" నాకేం తెలుసు నాయనా! నా సర్వీసంతా వాటికి తుప్పు పట్టకుండా కాచుకోవడంతోనే సరిపోయింది. కత్తులు మనుషుల్ని ఏం చేశాయో నాకు తెలియదు గానీ, మనుషులు కత్తుల్ని ఏం చేస్తారో మాత్రం బాగా తెలుసు.

ఈ మధ్య మ్యూజియం ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో, ఉన్న ఉత్సాహం కాస్తా చల్లారిపోతుందో చెప్పలేను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో ఇక్కడ రాయను. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఉండే లొల్లులే. ఈ పని నిజంగా ఎలా ఉంటుందో, అందులో నాకు తగిలిన దెబ్బ ఏమిటో, అది మాత్రం రాస్తాను.

కత్తి ముట్టుకున్న పంతులు

మా మ్యూజియం పాతబస్తీలో, దబీర్‌పురా స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో, ఒక పాత దేవిడీలో ఉంది. నవాబుల కాలపు పెద్ద ఇల్లు అది. లోకల్ రైలు పోయిన ప్రతిసారీ అద్దాల అల్మారాలు సన్నగా గిలగిలలాడేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. మాకు అలవాటైపోయింది.

నేను గౌలిపురాలో పుట్టి పెరిగాను. మా నాన్న గుడిలో అర్చకుడు. ఆయన కొడుకు పొద్దున్నే సంధ్యావందనం చేసుకుని పోయి బాకులకు, ఈటెలకు మైనం పూస్తాడంటే మా బంధువులకు నవ్వులాటగా ఉండేది. ఆఫీసులో నా పేరు శర్మ అని ఎవరికీ గుర్తుండేది కాదు. డైరెక్టర్లు తప్ప అందరూ "పంతులు సాబ్" అనేవాళ్లే. గ్యాలరీ అటెండరు యాదగిరి అయితే కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసేటప్పుడు, "ఈయన గంట కొట్టే చేతితోని కత్తి పట్టిండు" అని పళ్లికిలించేవాడు. యాదగిరి వాళ్లది తరాలుగా బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇల్లు. ఇద్దరం ఒకే గ్యాలరీలో ముసలివాళ్లమయ్యాం.

నా మొదటి పై అధికారి మహా కోపిష్టి. చేరిన చాలా కాలం వరకు నన్ను ఒక్క కత్తి కూడా ముట్టనివ్వలేదు. "చేతులు ఎన్కకు కట్టుకో. కండ్లు ఉన్నయి గద, చూడు" అనేవాడు. ఒకసారి నేను తెలియక వేలు ఆనిస్తే, మర్నాడు అదే చోట ఎర్రగా పడిన నా వేలిముద్ర చూపించి అందరి ముందు నన్ను కడిగేశాడు. మన చెమటలో ఉప్పు ఉంటుంది, పాత ఉక్కుకు అది విషం. ఆయనను ఆ రోజు మనసులో ఎంత తిట్టుకున్నానో! తర్వాత వచ్చిన తియ్యని మాటల అధికారులను చూశాక ఆ ముసలాయన కోపం విలువ తెలిసింది. మీకు అలాంటివాడు దొరికితే ఏడుస్తూ అయినా సరే, ఆయన దగ్గరే నేర్చుకోండి.

దసరా కుంకుమ

ఆయుధాల గ్యాలరీ అంటే దసరా వస్తుంది. దసరా అంటే ఆయుధ పూజ. నేను చేరినప్పటికే అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. మహర్నవమి నాడు యాదగిరి, మిగతా స్టాఫ్ కలిసి అల్మారాలు తెరిపించి, ఒకప్పటి నవాబు ఒకాయన సేకరించిన ఆ కత్తులకు బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి పిడుల మీద పిండి, కొబ్బరికాయ కొట్టేవాళ్లు. అది నవాబు కాలం నుంచీ వస్తున్న పద్ధతేనట. అప్పట్లో ఆయన సిపాయిలలో సగం మంది మనవాళ్లే మరి.

భక్తికి నేనెందుకు అడ్డం చెప్తాను? పంతులు కొడుకునే. కానీ తడి కుంకుమ, నిమ్మరసం పాత ఉక్కు మీద ఒక్క రాత్రి ఉంటే చాలు, సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. వరుసగా ఉన్న బాకుల మీద బొట్టు పెట్టిన చోటల్లా అలాంటి గుంటలు గుత్తులుగా ఉండేవి. నేను వద్దన్నప్పుడు పెద్ద రాద్ధాంతమే అయింది.

"పంతులు అయ్యి పూజ బంద్ చేస్తవా? గిదేం న్యాయం?" అన్నాడు యాదగిరి.

"పూజ బంద్ చెయ్యమనలేదయ్యా. మన ఆయుధాలకు చేద్దాం. కత్తులు నవాబువి, మనవి కావు. మనవి బ్రష్షులు, దూది, మైనం డబ్బా. వాటికి పెట్టు బొట్టు."

కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ప్రతి దసరాకూ మైనం డబ్బాకు పూలదండ, బ్రష్షులకు బొట్లు, వాటి ముందు కొబ్బరికాయ. నా సర్వీసులో వాదించి గెలిచింది ఇదొక్కటే అనుకుంటాను. చదువుకోని భక్తులతో గెలవవచ్చు. చదువుకున్న పెద్దమనుషులతో గెలవలేకపోయాను.

నవాబు, ఆయన మనవరాలు

గ్యాలరీలోని ఆయుధాలన్నీ ఒకే మనిషి సేకరణ. ఆయనను మేమంతా పెద్ద నవాబు అనేవాళ్లం. ఆయనను నేను నెత్తిన పెట్టుకోను. జాగీర్దారు. రైతుల దగ్గర గుంజిన సొమ్ముతోనే ఇవన్నీ కొన్నాడు. యుద్ధానికి పోయినవాడూ కాదు, బహుశా కోడిని కూడా కోసి ఉండడు. కానీ ఉక్కు అంటే ఏమిటో తెలిసినవాడు. ఏ కత్తి ఎందుకు గొప్పదో చూడగలిగిన కన్ను ఆయనది.

మన తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. ఆ ఉక్కుతో కత్తి సాగగొడితే, అలుగు మీద, అంటే పిడి కాక మిగిలిన ఉక్కు భాగం మీద, సన్నటి నలుపు తెలుపు చారలు నీటి అలల్లా తేలుతాయి. దాన్ని జౌహర్ అంటాం. అది పైన గీసిన బొమ్మ కాదు, ఆ ఉక్కు నేతే అంత. పూర్వం పనివాళ్లు పలచటి ఆమ్లం పూసి ఆ నేతను పైకి తెచ్చేవాళ్లు. చూడటం రానివాడికి మాత్రం అది మరకపట్టిన పాత ఇనుములాగే కనిపిస్తుంది. నా గొడవంతా అక్కడే వచ్చింది.

పెద్ద నవాబుకు ప్రాణంతో సమానమైన కత్తి ఒకటి ఉంది. దాని జౌహర్ మామూలు అల కాదు. అలుగు పొడుగునా నిచ్చెన మెట్లలా అడ్డచారలు ఉండేవి. పిడి దగ్గర, ఉక్కులో సన్నటి బంగారు తీగ కొట్టి అతికించిన అక్షరాల్లో ఆయన పేరు ఉండేది. అంత చక్కటి పని నేను మరెక్కడా చూడలేదు.

నవాబు మనవరాలు మెహర్ బేగం దబీర్‌పురాలోనే, ఒకప్పటి సొంత ఇంట్లో మిగిలిన రెండు గదుల్లో ఉండేది. బాగా పెద్దావిడ. ఆమెను పెంచిన ఆయా జాగీరు ఊరి మనిషట, అందుకని తెలుగు చక్కగా మాట్లాడేది, మధ్యలో ఉర్దూ కలుపుతూ. ప్రతి ఏటా తాత బర్సీ నాడు, అంటే ఆయన పోయిన రోజున, మ్యూజియంకు వచ్చి ఆ అల్మారా ముందు నిలబడి ఫాతెహా చదువుకునేది. ఆ తర్వాత నా వైపు చూసేది. అది నాకు సైగ. నేను టార్చి తీసి పక్కవాటంగా వెలుగు వేసేవాణ్ని. చీకట్లోంచి లేచినట్టు మెట్లన్నీ పైకి వచ్చేవి.

"దాదా జాన్ నన్ను ఒడిల కూసోబెట్టుకొని, ఏలు పట్టి ఈ మెట్లెక్కించేటోడు బేటా," అనేది. అద్దం మీద వేలు పెట్టి కింది నుంచి పైదాకా జరిపేది. "పైకి పోయినంక ఆయన పేరుంటది. పేరు ముట్టుకుంటె మిఠాయి."

నాకంటే వయసులో చాలా పెద్దది. ఆమె నన్ను బేటా అంటుంటే బాగుండేది. ఆ ఒక్క రోజు కోసం నేను ముందురోజే ఆ అద్దం తుడిచి పెట్టుకునేవాణ్ని. ఎవరూ చూడని పనికి ఒక్కరైనా చూసేవాళ్లు ఉన్నారు కదా అనిపించేది.

మెరవాలి

నా సర్వీసు చివరి రోజుల్లో వచ్చిన డైరెక్టరు మంచి మర్యాదస్తుడు. చివర 'గారూ' లేకుండా ఎవరినీ పిలిచేవాడు కాదు. వేరే శాఖ నుంచి అదనపు బాధ్యతల మీద వచ్చాడు. గ్యాలరీకి కొత్త లైట్లు, కొత్త బల్లలు పెట్టించాడు. ఒప్పుకుంటాను, ఆ పని బాగానే చేయించాడు. దాన్ని మంత్రిగారితో ప్రారంభం చేయించాలని పట్టుబట్టాడు.

ఒక రోజు కొత్త లైట్ల కింద కత్తులు చూసి మొహం చిట్లించాడు.

"శర్మగారూ, ఇవి ఇలా నల్లగా, మచ్చలుగా ఉన్నాయేంటి? తుప్పు తీయించరా?"

"తుప్పు కాదు సార్. అది జౌహర్. ఆ నేత కోసమే లోకంలో ఎక్కడెక్కడి నుంచో మన ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు."

"పబ్లిక్‌కి ఇవన్నీ తెలియవండీ. కత్తి అంటే మెరవాలి. మినిస్టర్ గారి వెనకాల కెమెరాలో ఇది ఇనుప సామాన్ల దుకాణంలా కనిపిస్తే ఎలా?"

నాకు ఒళ్లు మండింది. "మీ తాతగారి ఫొటో పాతబడిందని దాని మీద సున్నం వేయిస్తారా సార్?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. నవ్విన రెండో రోజే, వేరే జిల్లాలో ఒక గోదాంలో పడి ఉన్న శిల్పాల జాబితా తయారుచేసి రమ్మని నాకు ఆర్డరు వచ్చింది. వెళ్లేముందు అల్మారా తాళాలు ఆఫీసులో అప్పగించి వెళ్లాలట. ఎందుకో అర్థం కానంత అమాయకుణ్ని కాదు. ఛాంబరులోకి పోయి, "నేను లేనప్పుడు ఆ కత్తుల జోలికి పోవద్దు సార్" అని దండం పెట్టి మరీ చెప్పాను. "మీరేం ఫికర్ పడకండి" అన్నాడు. మా పాతబస్తీ మాట ఒకటి నేర్చుకుని దాన్ని నా మీదే వాడాడు.

గోదాంలో ఉండగా యాదగిరి ఫోన్ చేశాడు.

"పంతులు సాబ్, జల్ది రాండ్రి! పాలిష్ మిషిన్ పెట్టిండ్రు. ఎవడో గర్రుగర్రున గుంజుతున్నడు. నేను వద్దంటె, నీ పని నువ్వు చూస్కో అంటున్రు. పెద్ద నవాబు కత్తి గుడ తీసిండ్రు!"

దొరికిన బస్సు ఎక్కి వచ్చాను. అప్పటికే అంతా అయిపోయింది. వరండాలో కత్తులన్నీ దుప్పటి మీద వరసగా పరిచి ఉన్నాయి, పెళ్లి విందుకు తోమి పెట్టిన స్టీలు గరిటెల్లా. ఫలక్‌నుమా నుంచి పిలిపించిన సలీం భాయ్ తన పాలిషు చక్రం ఆపి చెమట తుడుచుకుంటున్నాడు. మెట్ల రెయిలింగులకు, ఆటల పోటీల కప్పులకు పాలిష్ పెట్టే మనిషి.

"చూడుండ్రి సాబ్, మొఖం చూస్కోవచ్చు!" అని పెద్ద నవాబు కత్తి నా చేతిలో పెట్టాడు.

నిజమే, నా మొహం కనిపించింది. మెట్లు లేవు. ఒక్క చార లేదు. పిడి దగ్గర వేలితో తడిమాను, గ్లౌజు కూడా లేకుండా. నున్నగా ఉంది. సలీం భాయ్ చక్రానికి చుట్టిన గుడ్డ మీద మసి మధ్య సన్నగా పసుపు మెరుస్తోంది. అది పెద్ద నవాబు పేరు. నేను అక్కడే వరండా మెట్ల మీద కూలబడ్డాను.

"ఏమైంది సాబ్? తప్పయిందా? తుప్పు తియ్యుమన్నరు, తీసిన. ఏమన్న ఉంచాల్నని నాకెవ్వరు చెప్పలే," అన్నాడు సలీం భాయ్, బిక్కమొహం వేసి. అతన్ని ఏమనాలి? అతని పని అతను చక్కగానే చేశాడు. తుప్పుకూ జౌహర్‌కూ తేడా తెలియాల్సింది అతనికి కాదు.

మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, కత్తుల ముందు సెల్ఫీ దిగారు. "సూపర్‌గా మెయింటైన్ చేస్తున్నారే" అని డైరెక్టరు భుజం తట్టారు. డైరెక్టరు నన్ను ముందుకు పిలిచి, "అంతా మా శర్మగారి కృషి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు అప్పుడు తెలియలేదు.

"ఇది మాది కాదు"

బర్సీ రోజు వచ్చింది. మెహర్ బేగం వచ్చింది. ఫాతెహా చదువుకుని నా వైపు చూసింది. నేను టార్చి తీయలేదు. ఆమె అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

"ఇది మాది కాదు," అంది.

"మీదే అమ్మా. పాలిష్ పెట్టారు. నేను ఊళ్లో లేనప్పుడు..."

"నన్ను పాగల్ అనుకున్నవా బేటా? మెట్లు పైన రాసినయా, పాలిష్ పెడితె పోనీకి? ఉక్కుల ఉన్నయి. నువ్వే చెప్పినవ్ గద నాకు. దాదా జాన్ పేరేది? అస్లీది ఎవరికి అమ్ముకున్నరు?"

నేను చెప్పిన పాఠమే నా మెడకు చుట్టుకుంది. ఎంత చెప్పినా వినలేదు. నా చేయి విదిలించుకుని వెళ్లిపోయింది. అన్నేళ్లుగా బేటా అన్న మనిషి ఆ రోజు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

ఆమె ఫిర్యాదు పైకి పోయింది. టీవీలో 'నవాబు కత్తి మాయం' అని వేశారు. డైరెక్టరును అడిగితే, "రొటీన్ క్లీనింగ్ మాత్రమే జరిగింది, అదీ కీపరు గారి పర్యవేక్షణలో" అన్నాడు. చప్పట్లు కొట్టిన వీడియో సాక్ష్యంగా ఉండనే ఉంది. కృషి నాది అయినప్పుడు దొంగతనం కూడా నాదే కదా! విచారణ వేశారు. పాలిష్ నాడు నేను ఊళ్లోనే లేనని గోదాం ఆర్డరు చూపిస్తే, "తాళాలు అప్పగించకముందే మార్చి ఉండవచ్చు కదా" అన్నారు.

నా ఫోనులో ఆ కత్తి పాత ఫొటోలు ఉన్నాయి. మెట్లు, బంగారు పేరు స్పష్టంగా కనిపించేవి. ఆశగా తీసుకుపోయి విచారణాధికారికి చూపించాను. ఆయన ఫొటో చూసి, కత్తి చూసి, "కరెక్టే కదండీ. ఫొటోలో గీతలున్నాయి, పేరుంది. కత్తి మీద లేవు. అంటే కత్తి మారినట్టే" అన్నాడు.

సలీం భాయ్ నా మాట మీద పని మానుకుని వచ్చి, తానే పాలిష్ పెట్టానని చెప్పాడు. "నువ్వు పాలిష్ పెట్టింది అసలు కత్తికో, ముందే మార్చిన నకిలీ కత్తికో నీకెలా తెలుసు?" అని అడిగారు. పాపం, ఏం చెప్తాడు? కత్తులకు పాలిష్ వద్దని అరిచిన యాదగిరిని పిలిస్తే, "నాకేం ఎర్క లేదు సార్, నేను తలుపు కాడ ఉంటి" అన్నాడు. బయటికి వచ్చాక నా కళ్లలోకి చూడలేకపోయాడు.

"మాఫ్ చెయ్యుండ్రి పంతులు సాబ్. నా కొడుకుది ఈడ్నే కాంట్రాక్టు నౌకరి. సంతకం డైరెక్టర్ సాబ్ చేతిల ఉంది."

"పోనీలే" అన్నాను. పోనివ్వలేదు. ఇప్పటికీ పోలేదు. అతని ఇంటి నుంచి పాలు తెప్పించుకోవడం ఆ వారమే మానేశాం.

నయాపూల్ కోర్టుల దగ్గర నాకు తెలిసిన వకీలు ఒకడు, "అరెస్టు దాకా పోవచ్చు, జాగ్రత్త" అన్నాడు. గుడిలో నాన్నతో పనిచేసిన పెద్దాయన నాకు తీర్థం ఇస్తూ, "నాయనా, ఆ కత్తి సంగతి ఏదో విన్నాం" అన్నాడు. నా భార్య మూడు వీధుల అవతల కూరగాయలు కొనడం మొదలుపెట్టింది. ఇల్లు, పిల్లలు అన్నీ ఉన్నాయి నాకు. కానీ ఆ రోజుల్లో నాకు కావాల్సింది ఒక్కటే: దొంగ అనే మాట నా మీద నుంచి పోవాలి.

పరీక్ష

ఆ మాట పోయే దారి ఒకటి ఉంది. పాలిష్ పైపైన తెచ్చిన నేతను తుడిచేసిందే గానీ, ఉక్కు లోపలి నేత అలాగే ఉంటుంది. పలచటి ఆమ్లాన్ని దూదితో అద్దితే, అద్దినంత మేరా జౌహర్ మళ్లీ పైకి వస్తుంది. మామూలు ఇనుముకు రాదు. అలుగు మధ్యలో బొటనవేలి గోరంత చోట చేసి చూపిస్తే చాలు, అది అసలు కత్తేనని, నేను మార్చలేదని తేలిపోతుంది. గాయపడిన కత్తిని మళ్లీ ఆమ్లంతో ముట్టడం నాకు ఇష్టం లేదు. కానీ వేరే మార్గం లేదు. విచారణాధికారికి చెప్తే సరేనన్నాడు.

మర్నాడు డైరెక్టరు తనే నా గదికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని టీ తెప్పించాడు.

"తప్పకుండా చేయండి శర్మగారూ. మీ మీద మచ్చ పోవాలి కదా. జౌహర్ మళ్లీ వస్తుందంటున్నారు, నిజమేనా?"

"వస్తుంది సార్."

"మొత్తం కత్తికీ తేవచ్చా?"

"తెలిసినవాడు ఓపికగా చేస్తే వస్తుంది. పాత ముస్తాబు రాదు గానీ..."

"వస్తుందన్నారు కదా, అది చాలండీ," అని టీ తాగి లేచాడు.

అతను తలుపు దాటాక నాకు వెలిగింది. జౌహర్ వస్తే నేను దొంగను కాను. జౌహర్ వస్తే అతను చేసిన నష్టమూ లేదు. నా తాళమూ అతని తాళమూ ఒకే తాళంచెవితో తెరుచుకునేటట్టు ఉన్నాయి. చేయకపోతే నేను జైలుకు పోతాను, చేస్తే అతను దర్జాగా బయటపడతాడు. మీరైతే ఏం చేస్తారు? నీతులు చెప్పకండి. నేను పరీక్షకే సిద్ధపడ్డాను.

గ్యాలరీ మధ్యలో బల్ల వేశారు. విచారణాధికారి, డైరెక్టరు నిలబడ్డారు. మెహర్ బేగంను కబురు పెట్టి పిలిపించారు. ఆమె కుర్చీలో కూర్చుంది, నన్ను పలకరించలేదు. కత్తి అలుగును స్పిరిట్‌తో తుడిచి, పుల్లకు చుట్టిన దూదిని ఆమ్లంలో ముంచి అద్దాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత పాల మీద మీగడ ముడతలు పడినట్టు సన్నగా చార ఒకటి, దాని పక్కన ఇంకొకటి లేచాయి. గోరంత చోటులో నిచ్చెన మెట్టు ఒకటి పూర్తిగా వచ్చింది. వెంటనే సోడా నీళ్లతో ఆమ్లాన్ని చంపేసి తుడిచి, టార్చి వేశాను.

మెహర్ బేగం కుర్చీలోంచి లేచి వంగి చూసింది.

"ఔ. ఇదే. మాదే," అంది.

డైరెక్టరు చేతులు చరిచాడు. "ఎక్సలెంట్! చూశారా సార్, కత్తి అదే. పైగా ఎప్పుడు కావాలంటే అప్పుడు జౌహర్ తెచ్చుకోవచ్చు. అంటే ఏ నష్టమూ జరగలేదు. ఊరికే ఇంత రాద్ధాంతం."

"బంగారం పేరు సార్?" అన్నాను. నా గొంతు పెద్దదైంది. "అది ఉక్కులో లేదు, ఉక్కు మీద ఉంది. అది మళ్లీ రాదు. ఏ ఆమ్లం పూసినా రాదు."

విచారణాధికారి మ్యూజియం రిజిస్టరు తిప్పాడు. అందులో 'ఖడ్గం, ఉక్కు, ఒకటి' అని తప్ప ఏమీ లేదు. "పేరు ఉన్నట్టు ఎక్కడా నమోదు కాలేదే."

"నా ఫొటోలో ఉంది కదా. మీరే చూశారు!"

"ఫొటో ఏ కత్తిదో ఎలా చెప్పగలమండీ," అన్నాడాయన. నన్ను దొంగను చేయడానికి పనికొచ్చిన ఫొటో, ఆ పేరు ఉండేదని చెప్పడానికి పనికిరాలేదు. "పేరుదేముంది, లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో రాయిద్దాం" అన్నాడు డైరెక్టరు. వస్తువు అసలైనదే, మార్పు లేదు, నష్టం లేదు అని రాసుకున్నారు. ఇద్దరూ నాతో చేయి కలిపి, అభినందనలు చెప్పి, మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు.

గ్యాలరీలో నేనూ మెహర్ బేగం మిగిలాం. కత్తి ఇంకా బల్ల మీదే ఉంది. ఆమె నా అనుమతి అడగలేదు. వేలు పెట్టి అలుగు మీద కింది నుంచి పైకి జరిపింది. నున్నటి ఉక్కు మీద జారుతూ ఆ ఒక్క మెట్టు దగ్గర కాసేపు ఆగింది. మళ్లీ పైకి పోయి, పేరు ఉండాల్సిన చోట ఇటూ అటూ తడుముకుంది. నేను గ్లౌజులు వేసుకోమని చెప్పలేదు.

"నిన్ను చోర్ అన్న బేటా. మాఫ్ చెయ్యి," అంది చివరికి.

"అయ్యో, పర్వాలేదమ్మా. తేలిపోయింది కదా."

ఆమె వేలు వెనక్కి తీసుకుని కొంగుతో తుడుచుకుంది.

"చోరీ అయినా మంచిగుంటుండె," అంది. "ఎవరింట్లనో, ఏడనో, దాదా జాన్ పేరు సలామత్‌గ, చెరగకుండ ఉంటుండె."